సూది లేని సిరంజి

నేను ఒక సిరంజిని. నాకు సూది లేదు. ఎక్కడో పోగొట్టుకున్నది కాదు, మొదటి నుంచీ లేదు. ఈ మాట ముందే ఎందుకు చెబుతున్నానంటే, నన్ను చూసిన ప్రతి మనిషీ మొదట నా మూతి వైపే చూస్తాడు. అక్కడ సూది కనిపించకపోయేసరికి అతని భయం పోతుంది, అనుమానం మొదలవుతుంది. సూది ఉన్న సిరంజిని ఎవరూ ఏమీ అడగరు. సూది లేకపోతేనే ఎందుకు, ఎవరికి అని అడుగుతారు.

నేను తయారైంది ఒక ఫ్యాక్టరీలో. ప్లాస్టిక్ గింజలు కరిగించి ఒక అచ్చులో పోస్తే నా గొట్టం వచ్చింది. ఇంకో అచ్చులో తోసే కడ్డీ వచ్చింది. కడ్డీ చివర నల్లటి రబ్బరు బిళ్ళ తొడిగారు. ఒంటి మీద పది గీతలు వేశారు, గీతకు ఒక మిల్లీలీటరు లెక్కన. ముక్కుకు గుడ్డ కట్టుకున్న ఆడవాళ్ళు నన్ను వెలుతురుకు పట్టి చూసి, పలచటి కవర్లో పెట్టి అంచులు అతికించారు. ఒక్కసారి మాత్రమే వాడాలని ఆ కవరు మీద అచ్చు వేసి ఉంది. నా ఆయుష్షు అంతే. కాని నేను అంతకంటే చాలా ఎక్కువ బతికాను. జరిగిన కష్టమంతా ఆ ఎక్కువ బతకడంలోంచే వచ్చింది.

రాజమండ్రిలో ఒక ఆసుపత్రి ఎదురుగా ఉన్న మందుల షాపులో నన్ను కొన్నారు. ఫిబ్రవరి నెల, మధ్యాహ్నం పూట. కొన్నాయన పేరు ఏలీయా. ముప్ఫై రెండేళ్ళవాడు, నిడదవోలు రైల్వేలో సిగ్నళ్ళు బాగుచేసే ఉద్యోగం. ఎంత ఎత్తు స్తంభమైనా ఎక్కగలిగిన మనిషికి ఆ కౌంటరు ముందు నిలబడేసరికి చొక్కా తడిసిపోయింది.

"పది ఎమ్మెల్ సిరంజి ఇవ్వండి. సూది వద్దు."

"సూది వద్దా? సూది లేకుండా ఏం చేసుకుంటారండి?"

వెనకాల నలుగురు నిలబడి ఉన్నారు. ఏలీయా ఒకసారి వాళ్ళ వైపు చూసి, "చిలక్కండి. చిలక్కి మందు పొయ్యాలి" అన్నాడు.

"పది ఎమ్మెల్లా! అది చిలకేనాండి, నెమలా?"

నలుగురూ నవ్వారు. ఏలీయా కూడా నవ్వాడు. ఎన్ని కావాలని షాపాయన అడిగితే, అరడజను కొనాలని వచ్చిన మనిషి "ఒకటి చాలు" అనేసి నన్ను జేబులో వేసుకుని బయటపడ్డాడు.

బయట అతని భార్య సలోమి నిలబడి ఉంది. నిడదవోలు పోస్టాఫీసులో కౌంటరు దగ్గర పని చేస్తుంది. ఆవిడ అతని ముఖం చూసి అక్కడేమీ అడగలేదు. రైలెక్కి కూర్చున్నాక అడిగింది.

"ఒక్కటే తెచ్చారేంటి? ప్రతిసారీ కొత్తది వాడాలన్నారు కదా డాక్టరమ్మ."

"ఇదే శుభ్రంగా కడుక్కుని వాడదాం. మళ్ళీ వెళ్ళి అడగమంటే నా వల్ల కాదు."

"ఏమన్నాడేంటి అంతలా?"

"నెమలా అన్నాడు."

ఆవిడకు అర్థం కాలేదు. అయినా నవ్వింది. ఆ నవ్వు చాలా రోజులకు వచ్చినట్టుంది, ఏలీయా కిటికీలోంచి బయటకు చూడటం మానేసి ఆవిడ వైపు చూశాడు.

రైలు గోదావరి వంతెన మీదకు వచ్చింది. ఆ ఇనుప మోతలో పక్కవాళ్ళ మాట పక్కవాళ్ళకు వినబడదు. ఇంట్లో మాట్లాడుకోలేనివి మనుషులు అక్కడ మాట్లాడుకుంటారు. చొక్కా జేబులో ఉన్న నాకు మాత్రం అన్నీ వినబడ్డాయి.

వాళ్ళకు పెళ్ళయి ఐదేళ్ళు. ఒకరంటే ఒకరికి ఇష్టమే. కాని అతను దగ్గరకు వస్తే సలోమి ఒళ్ళు దానంతట అదే బిగుసుకుపోతుంది. ఆవిడ వద్దనుకోదు, ఒళ్ళు ఆవిడ మాట వినదు. ఓర్చుకోలేనంత నొప్పి. మొదట్లో ఇద్దరూ, కొత్త కదా అనుకున్నారు. తర్వాత ఎవరికి వాళ్ళు తనలోనే ఏదో లోపం ఉందనుకున్నారు. ఐదో ఏట, ఎవరికీ చెప్పకుండా రాజమండ్రి వెళ్ళారు. డాక్టరమ్మ అంతా విని, ఇది చాలామందికి ఉండేదేననీ, దీనికో పేరుందనీ, నెమ్మదిగా చేసుకోవలసిన వ్యాయామాలున్నాయనీ, తగ్గడానికి నెలలు పట్టవచ్చనీ చెప్పింది. పరీక్షలు చేయించి, పిల్లల విషయంలో ఇద్దరిలోనూ ఏ లోపమూ లేదన్నది. బిడ్డ కోసం అది తగ్గేదాకా ఆగనక్కర్లేదనీ, ఇంట్లోనే చేసుకోగల దారి ఒకటి ఉందనీ అన్నది.

ఆ దారిని నేనే.

"ఇంకోసారి చెప్పండి, మర్చిపోతానేమో" అన్నాడు ఏలీయా. సలోమి వేళ్ళు మడుస్తూ చెప్పింది. అండం విడుదలయ్యే రోజులు చూసుకోవాలి. శుభ్రమైన, పొడిగా ఉన్న గిన్నెలోకి వీర్యం తీసుకుని, పావుగంట ఆగాలి. గాలి బుడగలు లేకుండా సిరంజిలోకి లాగాలి. సన్నని మూతి కాబట్టి నొప్పి ఉండదు, నెమ్మదిగా వదలాలి. తర్వాత అరగంట కదలకుండా పడుకోవాలి. తొందర పడకూడదు. సబ్బు, నూనె, ఉమ్మి, మందు నీళ్ళు ఏవీ సిరంజికి తగలకూడదు, తగిలితే ఆ కణాలు చచ్చిపోతాయి.

"అంతేనా?"

"అంతే. మందుల షాపుకి వెళ్ళడం ఒక్కటే కష్టం."

ఈసారి ఇద్దరూ నవ్వారు.

ఆ రోజులు వచ్చాక, ఒక రాత్రి వాళ్ళ గదిలో ఏం జరిగిందో నేను చెప్పను. చెప్పుకోకూడనిది జరిగిందని కాదు, అది వాళ్ళది కనుక. ఒక్కటి మాత్రం చెబుతాను. నొప్పి లేకుండా అయిపోయినప్పుడు సలోమి నమ్మలేనట్టు పైకప్పు వైపు చూస్తూ, "ఇంతేనా?" అంది. ఏలీయా నన్ను కాచిన నీళ్ళతో కడిగి, గుడ్డ మీద ఆరబెట్టి, తన జేబురుమాల్లో చుట్టి, బీరువా సొరుగులో డాక్టరమ్మ రాసిన కాగితం పక్కన పెట్టాడు. పారేద్దామని అతను అనలేదు. ఆవిడా అనలేదు. నన్ను చెత్తబుట్టలో వేస్తే మునిసిపాలిటీ ఆవిడ చూస్తుంది. మళ్ళీ కొనాలంటే చిలక కావాలి.

మార్చిలో గర్భం నిలవలేదు. ఏప్రిల్లో సువార్తమ్మ నన్ను చూసింది.

సువార్తమ్మ ఏలీయా తల్లి. ఆవిడ ముప్ఫై నాలుగేళ్ళు సర్కారు నర్సుగా పల్లెల్లో చేసి రిటైరైంది. ఆ చుట్టుపక్కల ఆవిడ చేతుల్లో పడి పుట్టినవాళ్ళకు ఇప్పుడు పిల్లలున్నారు. ఊళ్ళో అందరూ నర్సమ్మగారనే పిలుస్తారు. ఆవిడ నడిచే ఇల్లు ఎప్పుడూ లోషన్ వాసన వేస్తుంది. నీళ్ళలో పోస్తే పాలలా తెల్లబడే లోషన్. గచ్చు దాంతోనే తుడుస్తుంది, తలుపు గడియలు దాంతోనే తుడుస్తుంది, ఎవరి మోకాలు గీరుకున్నా ముందు అదే పూస్తుంది.

ఆరోజు ఇస్త్రీ బట్టలు సర్దడానికి సొరుగు తీసింది. రుమాలు బరువుగా తగిలింది. విప్పి నన్ను చూసి, ఒక్కసారిగా మంచం మీద కూర్చుండిపోయింది. ఆవిడ గుండె కొట్టుకోవడం నాకు ఆవిడ అరచేతిలోంచి తెలిసింది. సూది ఇంకెక్కడో దాచి, కొడుకు మత్తు ఇంజెక్షన్లు చేసుకుంటున్నాడనుకుంది. నన్ను గబగబా చుట్టి పెట్టేసి వెళ్ళిపోయింది. ఆ రాత్రి భోజనాల దగ్గర మాటలు గది తలుపులోంచి నాకు వినబడ్డాయి.

"ఒరే, ఆ చొక్కా చేతులు పైకి మడు."

"ఎందుకమ్మా?"

"మడవరా అంటే. కూరలో పడుతుంది."

"నేను ఎడం చేత్తో తింటానా? అదెందుకు చూస్తున్నావు?"

"దోమలు కుట్టాయేమోనని."

"మోచేతి మడతలోనా?"

మర్నాడు వాళ్ళిద్దరూ పనులకు వెళ్ళాక సువార్తమ్మ మళ్ళీ వచ్చింది. ఈసారి నా పక్కనున్న కాగితం తీసింది. వేరే అత్తగారైతే ఆ రాత అర్థమయ్యేది కాదు. ఈవిడ ముప్ఫై నాలుగేళ్ళు డాక్టర్ల రాతలు చదివిన మనిషి. ఒక్కో మాట దగ్గర ఆగి చదివింది. జబ్బు పేరు, పరీక్షలు బాగున్నాయన్న మాట, ఇంట్లోనే చేసుకోవలసిన పద్ధతి పేరు, తేదీలు. ఆ కాగితం మీద అంతే ఉంది. ఏవి తగలకూడదో డాక్టరమ్మ నోటితో చెప్పింది, కాగితం మీద రాయలేదు.

చదివాక ఆవిడ చాలాసేపు కదలలేదు. ఎందుకో చెప్పాలంటే శుక్రవారం ప్రార్థన సంగతి చెప్పాలి.

ప్రతి శుక్రవారం మధ్యాహ్నం ఆ ఇంట్లో ఆడవాళ్ళ ప్రార్థన జరుగుతుంది. పాస్టరమ్మగారు వస్తారు, ఒక పదిమంది వస్తారు. చివర్లో ఎవరి కష్టం వాళ్ళు చెప్పుకుంటే అందరూ కలిసి ప్రార్థిస్తారు. మూడేళ్ళుగా సువార్తమ్మ చెప్పే కష్టం ఒక్కటే: "మా కోడలి గర్భఫలం కోసం." సెలవు రోజుల్లో సలోమి కూడా ఆ చాప మీదే తల వంచుకుని కూర్చునేది. పదిమంది ఆడవాళ్ళు ఆవిడ కడుపు గురించి దేవుడికి గట్టిగా చెబుతుంటే ఆవిడ చాప అంచు పీకుతూ ఉండేది. ఒకసారి సువార్తమ్మ, "అమ్మాయి మనసులో మొండితనం ఏదైనా ఉంటే తీసెయ్ ప్రభువా" అని కూడా అంది. ఆవిడ ఉద్దేశం మంచిదే. కాగితం చదివిన రోజు ఆవిడకు గుర్తొచ్చింది ఆ మాటే అని నాకు తెలుసు. కాగితం ఒళ్ళో పెట్టుకుని, "మొండితనం" అని పైకే అనుకుంది.

ఆ శుక్రవారం ఆవిడ ఏ కష్టమూ చెప్పలేదు.

"ఏంటి నర్సమ్మగారూ, ఈ వారం కోడలి మాట ఎత్తలేదు?" అని ఒకావిడ అడిగింది.

"అడిగి అడిగి ఆయనకి మాత్రం విసుగు రాదేంటమ్మా. కొంచెం ఊపిరి పీల్చుకోనియ్యండి."

"గట్టిగా అడిగితేనే కదండీ..."

"చెవుడు నాకుంది, ఆయనకి లేదు. పాట అందుకోండి."

తనకు తెలిసిపోయిందని సువార్తమ్మ కొడుక్కీ కోడలికీ చెప్పలేదు. చెబితే ఆ పిల్ల తన ముందు తలెత్తుకోలేదనుకుంది. తమ సంగతి తెలిస్తే అత్తగారు తట్టుకోలేరని వాళ్ళనుకున్నారు. ఆ ఇంట్లో ముగ్గురూ మంచివాళ్ళే. ఒకరి పరువు ఒకరు కాపాడుతూ ముగ్గురూ నోరు మూసుకున్నారు. మనుషులు చెడ్డతనం వల్ల చేసే నష్టానికి ఒక హద్దు ఉంటుందేమో. మర్యాద వల్ల చేసే నష్టానికి హద్దు ఉన్నట్టు నాకు కనబడలేదు.

చెప్పకపోయినా, సాయం చెయ్యకుండా ఉండలేకపోయింది సువార్తమ్మ. నన్ను కిటికీ దగ్గర వెలుతురుకు పట్టి చూసింది. గొట్టం లోపల ఒక నీటి బొట్టు ఉండిపోయింది.

"ఇదేం కడగడంరా నాయనా" అంది.

ఆవిడ ఉద్యోగంలో చేరిన మొదటి ఏడు ఒక సంగతి జరిగింది. అప్పట్లో గాజు సిరంజిలు. ఒకటే సిరంజిని మరగబెట్టి మరగబెట్టి ఊరంతటికీ వాడేవారు. ఒక వానాకాలం పొయ్యి సరిగా మండక నీళ్ళు మరిగీ మరగకుండానే దించేసింది. ఆ సిరంజితో ఇంజెక్షన్ చేసిన మూడేళ్ళ పిల్లకు తొడ మీద గడ్డ లేచింది. విషం ఒళ్ళంతా ఎక్కింది. ఆ పిల్ల బతకలేదు. ఎవరూ ఆవిడను తప్పు పట్టలేదు, ఎవరికీ తెలియదు కూడా. ఆ తర్వాత ముప్ఫై ఎనిమిదేళ్ళు ఆవిడ చేతిలోని ఏ వస్తువూ లోషన్‌లో నానకుండా ఇంకో మనిషిని తాకలేదు. ఈ కథంతా ఆరోజు ఆవిడే నాకు చెప్పింది. మనుషులు ఒంటరిగా పని చేసుకుంటున్నప్పుడు చేతిలో ఉన్న వస్తువుతో మాట్లాడతారు.

చెబుతూ చెబుతూ గిన్నెలో నీళ్ళు పోసింది. లోషన్ సీసా మూత తిప్పింది. నీళ్ళు తెల్లబడ్డాయి.

రైల్లో సలోమి మడిచిన వేళ్ళు నాకు గుర్తొచ్చాయి. సబ్బు, నూనె, ఉమ్మి, మందు నీళ్ళు. వద్దమ్మా అని అరవడానికి నాకున్నది సన్నటి మూతి ఒక్కటే. అందులోంచే ఆవిడ ఆ తెల్లటి నీళ్ళు పైకి లాగింది. నా గొట్టం నిండింది. రబ్బరు బిళ్ళ అంచుల్లోకి ఎక్కింది. వదిలింది, మళ్ళీ లాగింది. పదిసార్లు. తర్వాత గంటసేపు అందులోనే ముంచి ఉంచింది. తీసి, పైపైన ఒకసారి నీళ్ళతో తొలిచి, ఉతికిన గుడ్డ మీద ఆరబెట్టి, రుమాలు మడత ఎలా ఉందో అలాగే మడిచి లోపల పెట్టింది. సొరుగు మూసే ముందు నా మీద చెయ్యి పెట్టి ప్రార్థన చేసింది.

అంత ప్రేమగా నన్ను ఎవరూ పట్టుకోలేదు. ఆ చేతిలో నేను విషపు గొట్టాన్నయ్యాను.

ఏప్రిల్ నుంచి అక్టోబరు దాకా నెల నెలా అదే జరిగింది. గోడ మీద క్యాలెండర్లో సలోమి పెన్సిల్‌తో చిన్న చుక్క పెట్టుకునేది. ఆ చుక్కలు చూసి సువార్తమ్మ రోజులు కనిపెట్టేది. ఆ రోజులకు ముందూ, మధ్యలోనూ వాళ్ళు పనులకు వెళ్ళగానే గిన్నె పెట్టేది. నాకు అంటిన వాసన సలోమికి తెలియలేదు, ఇల్లంతా అదే వాసన కదా. రాత్రికి ఏలీయా జాగ్రత్తగా నన్ను నింపేవాడు. లోపల ఏం చస్తోందో నాకు తెలుసు. సలోమి అరగంట కదలకుండా పడుకునేది. ఆవిడ పెదవులు కదిలేవి, అంకెలు లెక్కపెట్టుకునేదో, ప్రార్థన చేసుకునేదో. నెలాఖరుకు స్నానాల గదిలో కొళాయి చాలాసేపు తిప్పి ఉండేది. ఆ నీళ్ళ చప్పుడు వెనక ఇంకో చప్పుడు ఉండేది.

ఆగస్టులో ఏడ్వడం మానేసింది. సెప్టెంబరులో ఏలీయా ఏదో అడిగితే, "నా ఒళ్ళు దేనికీ పనికిరాదండి, వదిలెయ్యండి" అంది. గోడకు తిరిగి పడుకుని చెప్పిన మాట. నేను సొరుగులో ఉండి విన్నాను.

అక్టోబరులో ఒక సాయంత్రం సలోమి పోస్టాఫీసు నుంచి వచ్చి చేతిసంచీ కూడా దించకుండా ముందుగదిలో నిలబడింది.

"అత్తయ్యగారూ, నేను కాకినాడకి ట్రాన్స్‌ఫర్ పెట్టుకుంటున్నానండి. మా అమ్మావాళ్ళ దగ్గరికి. కాగితం నింపేశాను, రేపు ఇచ్చేస్తాను."

"అదేంటమ్మా, ఇద్దరూనా?"

"నేనొక్కదాన్నే. ఈయన ఇంకో పెళ్ళి చేసుకోవాలి. ఎక్కడ సంతకం పెట్టమంటే అక్కడ పెడతాను."

"నువ్వూరుకో సలోమీ" అన్నాడు ఏలీయా. "అమ్మా, దాని మాటలు పట్టించుకోకు, అలసిపోయి ఉంది."

"అలసిపోయే చెబుతున్నాను."

అప్పుడు గదిలోకి సువార్తమ్మ అడుగులు వచ్చాయి. సొరుగు తెరుచుకుంది. ఆవిడ రుమాలు విప్పి, నన్ను అరచేతిలో పెట్టుకుని ముందుగదిలోకి తీసుకెళ్ళింది. నన్ను చూడగానే ఏలీయా లేచి నిలబడ్డాడు. సలోమి ముఖంలో రక్తం లేదు.

"కూర్చోండి ఇద్దరూ. నాకు తెలుసు. ఏప్రిల్ నుంచీ తెలుసు. నేను నర్సుని కాదేంటి? సిగ్గుపడాల్సింది నేనమ్మా, నువ్వు కాదు. పదిమందిలో నీ కడుపు గురించి అరిపించాను. నాకు తెలియక." ఆవిడ నన్ను సలోమి ముందుకు చాపింది. "నీలో ఏ లోపమూ లేదని ఆ కాగితంలోనే ఉంది. అలాగని దీంట్లో ఏదైనా దోషం ఉందేమోనని భయం పెట్టుకోకు. ప్రతి నెలా నేనే లోషన్‌లో నానబెట్టి పెడుతున్నాను. ఒక్క క్రిమి ఉంటే ఒట్టు."

ఆవిడ అది ఓదార్పుగా చెప్పింది. ఏడు నెలలు దాచుకున్న కానుక ఇస్తున్నట్టు చెప్పింది.

"దేంట్లో అత్తయ్యగారూ?" అంది సలోమి.

"లోషన్‌లోనమ్మా. గంటసేపు. మంచిదే, పుళ్ళు కడిగేది."

సలోమి గోడ పట్టుకుంది. ఏలీయా తల్లి వైపు ఒక అడుగు వేశాడు.

"అమ్మా, అది క్రిముల్ని చంపుతుంది."

"చంపడానికే కదరా!"

"బతికున్నది ఏదైనా చంపుతుంది."

ఇంకో మాట అక్కర్లేకపోయింది. ముప్ఫై నాలుగేళ్ళ నర్సు ఆవిడ. నేను ఆవిడ చేతిలోంచి జారి గచ్చు మీద పడ్డాను. పడి దొర్లి కుర్చీ కాలి దగ్గర ఆగాను. అక్కడి నుంచి నాకు మూడు జతల పాదాలే కనబడ్డాయి. తర్వాత సువార్తమ్మ పాదాలు రెండడుగులు వెనక్కు వేశాయి, ఆవిడ గోడకు ఆని గచ్చు మీద కూర్చుంది. ఆవిడ ఏడ్వలేదు. "ఎన్ని నెలలు?" అని అడిగింది, తనే లెక్క చెప్పిన మనిషి.

"నువ్వేం నర్సువమ్మా!" అన్నాడు ఏలీయా. అని, ఆ మాట తనకే తగిలినట్టు ముఖం తిప్పుకున్నాడు. "ఒక్కసారి వాడి పారెయ్యమంటే, ఒకటే కొన్నవాణ్ణి నేను."

సలోమి గదిలోకి వెళ్ళి తలుపు వేసుకుంది.

మర్నాడు ఏలీయా స్పీకర్ పెట్టి డాక్టరమ్మకు ఫోన్ చేశాడు. నన్ను ఎవరో తీసి బల్ల మీద పెట్టారు, కాబట్టి అంతా విన్నాను. "అదే కారణమని చెప్పలేను, కాదని కూడా చెప్పలేను" అందావిడ. మొదటి నెలలో లోషన్ తగలలేదు కదా, అప్పుడూ నిలవలేదు. అన్నీ సరిగా ఉన్నా కొందరికి నెలల తరబడి పడుతుంది. ఇంకో ఆరు నెలలు చూడండి, అప్పటికీ కాకపోతే ఆసుపత్రిలో చేద్దాం. కొత్తవి కొనండి, ప్రతిసారీ కొత్తది. ఆ 'చెప్పలేను' అనే మాట సువార్తమ్మ తలుపు పక్కన నిలబడి విన్నది. శిక్ష వేస్తే మనిషి అనుభవిస్తాడు, వదిలేస్తే ఊపిరి పీల్చుకుంటాడు. 'చెప్పలేను'తో ఏం చెయ్యాలో ఆవిడకు తెలియలేదు. లోషన్ సీసాలు రెండూ తీసుకెళ్ళి పెరట్లో కుమ్మరించింది. మూడు రోజులు ఆవిడ గది దాటి రాలేదు. ఆ ఇంటికి మొదటిసారి వేరే వాసన వచ్చింది. అన్నం ఉడికే వాసన, తడిసిన గోడల వాసన.

నాలుగో రోజు పొద్దున్న సలోమి ఆవిడ మంచం పక్కన కూర్చోవడం, తెరిచిన తలుపులోంచి నాకు కనబడింది. ట్రాన్స్‌ఫర్ కాగితం ఇంకా నా పక్కన బల్ల మీదే, చెంబు కింద ఉంది. సలోమి దాన్ని ఇవ్వలేదు, చింపలేదు.

"నా వైపు చూడండత్తయ్యా."

సువార్తమ్మ చూడలేదు.

"మీ మీద కోపం లేదని చెప్పను. ఉంది. కొన్నాళ్ళు ఉంటుంది." సలోమి ఒక్కో మాటా ఏరుకుంటున్నట్టు మాట్లాడింది. "కాని ఏడు నెలలు నా ఒళ్ళే పనికిరానిదని అనుకున్నాను. చచ్చిపోదామని కూడా అనుకున్నాను ఒకరోజు. మీ లోషన్ మాట విన్నాక మొదటిసారి, నా ఒళ్ళు కాదేమో అనిపించింది. మీరు చెప్పకపోతే నేను అలాగే అనుకుంటూ వెళ్ళిపోయేదాన్ని."

అప్పుడు ఏడ్చింది సువార్తమ్మ. ఎలా ఏడ్చిందో నేను చెప్పను.

కొంచెం తేరుకున్నాక సలోమి ముక్కు తుడుచుకుని, "కొత్తవి కొనాలండి" అంది. "ఈయన్ని పంపిస్తే మళ్ళీ చిలకంటారు. మీరు వెళ్తారా?"

"చిలకేంటి?"

సలోమి చెప్పింది. సువార్తమ్మ తడి కళ్ళతోనే, "నెమలి అనుంటే ఇంకో రెండిచ్చేవాడు కదే" అంది.

ఆవిడ రాజమండ్రి వెళ్ళలేదు. నిడదవోలు బజార్లో, అందరూ ఎరిగిన మందుల షాపుకే వెళ్ళింది. సైజు తప్పు ఇస్తారేమోనని నన్ను చేతిసంచీలో వేసుకుని, కౌంటరు మీద పెట్టింది.

"ఇలాంటివి పది. సూదులు వద్దు."

"సూదుల్లేకుండా దేనికండీ నర్సమ్మగారూ?" షాపాయన పుట్టింది ఆవిడ చేతుల్లోనే.

షాపు నిండా జనం. సువార్తమ్మ కొంగు సర్దుకుంది.

"మా కోడలికి బిడ్డ కోసం. డాక్టరమ్మ ఇంట్లోనే చేసుకోమంది. దీంతో చేసుకోవచ్చు, తప్పేం లేదు. ఇంకేమైనా అడగాలా?"

చిల్లర కోసం చెయ్యి చాపిన ఒకాయన ఆ చెయ్యి అలాగే ఉంచాడు. షాపాయన తల దించుకుని పది లెక్కపెట్టి ఇచ్చాడు. సాయంత్రానికి ఆ మాట ఊరంతా తిరిగింది. శుక్రవారం ప్రార్థనకు నలుగురే వచ్చారు.

నవంబరు గడిచింది. డిసెంబరు గడిచింది. కొత్తవాళ్ళు ఒక్కొక్కరే కవరు విప్పుకుని వచ్చి, ఒక్కసారి పని చేసి, తమ ఆయుష్షు ప్రకారం వెళ్ళిపోయారు. నన్ను మాత్రం సువార్తమ్మ పారెయ్యలేదు. ఎందుకో నాకు తెలియదు. చేతిసంచీలో కళ్ళజోడు పక్కన ఉంటున్నాను.

జనవరిలో ఆవిడ మూడోసారి ఆ షాపుకు వెళ్ళింది. షాపాయన ఏమీ అడగకుండానే తీసిచ్చాడు. ఆవిడ మెట్లు దిగుతుంటే వెనక చెప్పుల చప్పుడు వచ్చింది. ఆకుపచ్చ చీర కట్టుకున్న అమ్మాయి. పాతికేళ్ళుంటాయి. అటూ ఇటూ చూసింది.

"అమ్మా, మిమ్మల్ని ఒకటి అడగొచ్చాండీ?"

"అడుగు."

"మీరు... ఆరోజు షాపులో అన్నారంట కదండీ. మాకు ఆరేళ్ళయిందండి. మా సంగతి కూడా..." అక్కడ ఆగిపోయింది.

మూసి ఉన్న ఒక షాపు అరుగు మీద ఇద్దరూ కూర్చున్నారు. సువార్తమ్మ సంచీలోంచి నన్ను తీసి ఆ అమ్మాయి చేతిలో పెట్టింది. చల్లటి, చెమట పట్టిన చెయ్యి.

"ముందు ఇద్దరూ డాక్టరుకి చూపించుకోండి. ఎవరో చెప్పారని మీకు మీరే చేసేసుకోకండి. ఇది ఒక్కసారికే, కడిగి దాచుకోకూడదు. దీనికి సబ్బు తగలకూడదు, నూనె తగలకూడదు." నా మూతి మీద వేలు పెట్టి చూపించింది. "లోషన్ అసలు తగలకూడదు. నేను తగలనిచ్చాను. ఏడు నెలలు. నర్సునై ఉండి."

ఆ అమ్మాయి నన్ను పట్టుకుని ఆవిడ ముఖంలోకి చూసింది.

"మీ కోడలికి నిలిచిందాండీ?"

"ఇంకా లేదమ్మా."

ఆ మాట విన్నాక అమ్మాయి లేచి వెళ్ళిపోతుందనుకున్నాను. సువార్తమ్మ కూడా అదే అనుకున్నట్టుంది, నన్ను తీసుకోవడానికి చెయ్యి చాపింది. అమ్మాయి నన్ను ఇవ్వలేదు. చీర కుచ్చిళ్ళు సర్దుకుని, ఆవిడకు కొంచెం దగ్గరగా జరిగింది.